ఖాళీ ఉన్న చెరువే చెరువు

2006వ సంవత్సరం ఆగస్టు మొదటి వారంలో తపతీ నది ఎగువ ప్రాంతాలలో ఎడతెరపి లేకుండా వర్షాలు కురిశాయి. సూరత్ నగరానికి సుమారు 95 కిలోమీటర్ల ఎగువన ఉకాయ్ వద్ద ఆ నదికి అడ్డంగా ఒక పెద్ద ఆనకట్ట ఉన్నది. 1972లో పూర్తి అయిన ఆ ఆనకట్ట వెనుక జలాశయం 800 కోట్ల ఘనమీటర్లకు పైగా నీటిని నిలుపగలదని నిర్మాణ కాలపు లెక్క. అంతటి జలాశయం అండగా ఉండగా దిగువన ఉన్న నగరానికి భయమెందుకని ఎవరైనా అనుకుంటారు. కాని ఆ వారంలో పైనుండి విరుచుకుపడిన ప్రవాహాన్ని ఇముడ్చుకొనడానికి జలాశయంలో చాలినంత ఖాళీ లేకపోయింది. తలుపులు ఎత్తక తప్పలేదు. దిగువకు వదలిన నీరు హెచ్చి హెచ్చి 9 లక్షల క్యూసెక్కుల మేరకు చేరింది. ఆగస్టు 7 నుండి సూరత్ నగరం మునగసాగింది. రాందేర్, అడాజన్ వంటి పేటలలో జనం మేడల మీద రోజుల తరబడి చిక్కుకుపోయారు. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. మరమగ్గాలు ఆగాయి, వజ్రాల కార్ఖానాలు మూతపడ్డాయి.

ముందుగానే కొంచెం కొంచెంగా నీటిని వదలి ఉంటే ఇంత ముప్పు వచ్చేది కాదని విమర్శకులు వాదించారు. ఊహించనంత నీరు వచ్చిపడిందని అధికారులు సమాధానం చెప్పారు. ఆ వాదంలో తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. కాని ఆ వాదానికి మూలమైన చిక్కు ఒకటి ఉన్నది. ఉకాయ్ జలాశయం ఒకే సమయంలో మూడు పనులు చేయాలి: పొలాలకు నీరివ్వాలి, విద్యుత్తును పుట్టించాలి, వరదను ఆపాలి. మొదటి రెండు పనులకు జలాశయం నిండుగా ఉండాలి. మూడవ పనికి అది ఖాళీగా ఉండాలి. నిండిన చెరువు చూపులకు అందంగానే ఉంటుంది. అయితే తరువాతి వానకు అది చెరువు కాదు, గట్టు మాత్రమే.

మన చేతిలోని ఫోను, ఇంట్లోని రౌటరు, దూరాన ఎక్కడో పనిచేస్తున్న కంప్యూటరు, ఇవన్నీ అనుక్షణం ఈ చిక్కునే ఎదుర్కొంటున్నాయి. వాటిలో ఉన్నవి నీటి చెరువులు కావు, సమాచారపు చెరువులు. వాటికి సాంకేతిక పరిభాషలో బఫర్లని పేరు. వాటిని ఎంత పెద్దవిగా తవ్వాలి, ఎప్పుడు నింపాలి, ఎప్పుడు తూము మూయాలి, ఉన్నదానిని పదిమందికి ఎట్లా పంచాలి అనే ప్రశ్నలకు ప్రోగ్రాము రాసేవారు చెప్పుకొన్న సమాధానాలను బట్టి మన మాట అవతలి వారికి వినబడటమో, తెగిపోవడమో జరుగుతుంది.

తొట్టి ఎందుకు?

తెలంగాణ జిల్లాల నుండి తరతరాలుగా సూరత్‌కు వలస వెళ్ళి మరమగ్గాల మీద బ్రతుకుతున్న నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట వీధిలోనే వినబడుతుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతున్నది. అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నాలుగు కుటుంబాలు కలిసి ఒకే ఇంటర్‌నెట్ కనెక్షను పెట్టించుకున్నాయి. రాత్రి తొమ్మిది గంటలకు ఒకరు సిరిసిల్లలో ఉన్న తల్లితో మాట్లాడుతున్నారు. ఒక పిల్లవాడు పాఠం వింటున్నాడు. ఒకరు చీరల నమూనా చిత్రాలను వ్యాపారికి పంపుతున్నారు. నాలుగవ వారు ఒక సినిమాను ఫోనులోకి దింపుకుంటున్నారు. “అవ్వా, ఇనవడుతుందా?” అని మొదటివారు మూడుసార్లు అడిగినా అవతలి నుండి సమాధానం రాదు. కనెక్షను ఇచ్చిన కంపెనీని తిట్టుకొని ఫోను పెట్టేస్తారు. దోషం తీగదని అందరూ అనుకుంటారు. చాలా సందర్భాలలో దోషం తీగది కాదు, తొట్టిది.

సమాచారం తీగ వెంట ఏకధారగా పారదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి ప్రయాణం చేస్తుంది. ఒక్కొక్క పొట్లం సాధారణంగా 1,500 బైట్లకు మించదు. అవి వచ్చే తీరులో క్రమం ఉండదు. ఒక క్షణం ఏమీ రాదు, మరుక్షణం వంద పొట్లాలు వచ్చి మీద పడతాయి. అందుకొని పనిచేసే ప్రోగ్రాముకు తన వేగం తనకు ఉంటుంది. వచ్చే వేగానికి, వాడుకొనే వేగానికి మధ్య తేడాను తాత్కాలికంగా భరించేందుకు కొంత జ్ఞాపకస్థలాన్ని కేటాయిస్తారు. అదే బఫరు. వంటింటికి నీటితొట్టి ఎటువంటిదో ప్రోగ్రాముకు బఫరు అటువంటిది. కుళాయి వచ్చినప్పుడు నిండాలి, అవసరమైనప్పుడు తరగాలి. ఎప్పుడూ నిండే ఉండే తొట్టి వలన ప్రయోజనం లేదు. ఎప్పుడూ ఎండే ఉండే తొట్టి వలన కూడా లేదు.

చదివేవాని బాధ్యత

ఇంటర్‌నెట్‌ను మోసే ప్రోగ్రాములలో అధిక భాగం నేటికీ సి భాషలో రాసినవే. 1970 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన ఈ భాష యంత్రానికి చాలా దగ్గరది, అందువలన వేగమైనది. కాని తొట్టి ఎంత లోతో అది తనంతట తాను చూసుకోదు. ఆ లెక్క రాసేవారే చూసుకోవాలి.

నెట్‌వర్కు నుండి సమాచారం తీసుకొనడానికి సి భాషలో రీడ్ అనే పిలుపు ఉన్నది. “ఈ తొట్టిలోకి గరిష్ఠంగా ఇన్ని బైట్లు పోయి” అని అడుగుతాము. అది పోసి, నిజంగా ఎన్ని పోసిందో లెక్క చెబుతుంది. కొత్తగా నేర్చుకొనేవారు ఇక్కడే మొదటి పొరపాటు చేస్తారు. వెయ్యి బైట్లు అడిగితే వెయ్యీ వస్తాయని నమ్ముతారు. మూడు వందలే రావచ్చు. మిగిలినవి ఇంకా దారిలో ఉండవచ్చు. సున్నా అని లెక్క చెబితే అవతలివారు మాట ముగించి వెళ్ళిపోయారని అర్థం. ఋణసంఖ్య చెబితే ఏదో ఆటంకం కలిగిందని అర్థం. ఒక్కొక్కసారి “ప్రస్తుతానికి ఏమీ లేదు, మళ్ళీ రండి” అన్న మాట కూడా అదే రూపంలో వస్తుంది. కనుక వచ్చినంత మట్టుకు దాచుకొని, పూర్తి సందేశం సమకూడేవరకు ఓపిక పట్టడం మొదటి నియమం.

రెండవ నియమం తొట్టి అంచు దాటకపోవడం. దీనిని మరచినందుకు లోకం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1988 నవంబరు 2న ఇంటర్‌నెట్‌లో వ్యాపించిన మోరిస్ పురుగు అనే ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది లోపలికి చొరబడిన దారులలో ఒకటి 512 బైట్ల తొట్టి. అప్పటి ఒక ప్రోగ్రాము అందులోకి హద్దు చెప్పకుండా చదువుకుంటున్నది. పురుగు 536 బైట్లు పంపింది. అదనపు 24 బైట్లు అంచు దాటి పక్కన ఉన్న స్థలంలో పడి, ఆ కంప్యూటరును తమ ఆధీనంలోకి తీసుకున్నాయి. అంత ప్రమాదకరమైన ఆ గెట్స్ అనే పిలుపును సి భాషా ప్రమాణం నుండి తొలగించింది 2011లో!

మూడవ నియమం అవతలివారు చెప్పిన కొలతను గ్రుడ్డిగా నమ్మకపోవడం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం ఇందుకు ఉదాహరణ. రహస్య సమాచారాన్ని కాపాడవలసిన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో ఒక సౌకర్యం ఉండేది. ఎవరైనా ఒక మాట పంపి “ఇది ఇంత పొడవు, తిరిగి పంపు” అని కోరితే అదే మాటను అది తిరిగి పంపాలి. ఒక్క బైటు పంపి 64 వేల బైట్లు పంపానని చెప్పినా అది నమ్మేది. లోటుకు పక్క జ్ఞాపకస్థలంలో ఉన్న సమాచారాన్ని చేర్చి పంపేది. అందులో ఇతరుల రహస్య సంకేత పదాలు కూడా ఉండవచ్చు. మన తొట్టిలోకి నిజంగా ఎంత వచ్చిందో మన లెక్క మనకు ఉండాలి. ఎదుటివాని చీటీ లెక్క కాదు.

చదవకపోవడం కూడా ఒక మాటే

ఇంతవరకు చెప్పినది జాగ్రత్తకు సంబంధించిన విషయం. ఇక వివేకానికి సంబంధించినది ఒకటి ఉన్నది.

పంపేవాడు వేగంగా పంపుతున్నాడు, మన ప్రోగ్రాము నెమ్మదిగా పనిచేస్తున్నది అనుకుందాం. తొట్టి నిండుతున్నది. ఏమి చేయాలి? తొట్టిని పెంచుకుంటూ పోవడం చాలామందికి తోచే ఉపాయం. జ్ఞాపకస్థలం చవక గదా! కాని వచ్చే వేగం వాడుకొనే వేగం కంటె నిత్యమూ ఎక్కువగా ఉంటే ఎంత పెద్ద తొట్టి అయినా ఒకనాటికి నిండక మానదు. ఆనాడు మునిగేది ఒక సందేశం కాదు, మొత్తం కంప్యూటరు.

సరైన ఉపాయం చదవడం ఆపడం. ఇది బద్ధకం వలె కనిపించినా ఇందులో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. ఇంటర్‌నెట్‌లో సమాచారం సక్రమంగా చేరేటట్లు చూసే టి.సి.పి. అనే నియమావళి ప్రకారం అందుకొనేవాడు ప్రతి సమాధానంలోనూ “నా దగ్గర ఇంకా ఇంత ఖాళీ ఉన్నది” అని చెబుతూ ఉంటాడు. ఆ ఖాళీని మించి పంపేవాడు పంపరాదు. మన ప్రోగ్రాము చదవడం ఆపితే దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ తొట్టి నిండుతుంది, చెప్పే ఖాళీ తగ్గుతుంది, చివరకు సున్నా అవుతుంది. వేల మైళ్ళ అవతల ఉన్న పంపేవాడు ఆగి నిరీక్షిస్తాడు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఏ పొట్లమూ పోలేదు. దిగువ రైతు “నా మడి నిండింది” అని కబురు చేస్తే ఎగువన తూము దించినట్లు పని జరిగిపోయింది. తనకు ఖాళీ లేకపోయినా ఉన్నట్లు నటించి, వచ్చినదంతా తన జ్ఞాపకస్థలంలో పేర్చుకొనే ప్రోగ్రాము ఈ కబురు ఎగువకు చేరకుండా అడ్డుకుంటున్నది. అది చేస్తున్న మేలు కాదు, దాస్తున్న నిజం.

అట్లా అని తొట్టి మరీ చిన్నదైనా ప్రమాదమే. మొదట్లో ఆ నియమావళిలో చెప్పగల అతిపెద్ద ఖాళీ 65,535 బైట్లు. సూరత్ నుండి సముద్రాల అవతలి కంప్యూటరుకు పోయి రావడానికి సెకనులో అయిదవ వంతు కాలం పడుతుందనుకుంటే, ఒక్కొక్క రాకపోకకు అన్ని బైట్లే పంపగలం. అంటే తీగ ఎంత వెడల్పుదైనా సెకనుకు సుమారు 26 లక్షల బిట్లకు మించి రావు. ఈ ఇబ్బందిని తొలగించడానికి 1992లో నియమావళిని సవరించి పెద్ద ఖాళీలు చెప్పుకొనే వీలు కల్పించారు. తొట్టి పరిమాణానికి స్థూలంగా ఒక సూత్రం ఉన్నది: తీగ వేగాన్ని రాకపోకల కాలంతో గుణించండి. సెకనుకు 2 కోట్ల బిట్ల వేగం, అయిదవ వంతు సెకను కాలం అయితే 40 లక్షల బిట్లు, అనగా 5 లక్షల బైట్లు. దారిలో ప్రయాణిస్తున్న సమాచారం అంత. దానికి సరిపడే తొట్టి కావాలి. పది రెట్ల తొట్టి అక్కరలేదు.

చవకైన తొట్టెలు తెచ్చిన చేటు

తొట్టెలు నిండితే ఏమవుతుందో లోకానికి మొదటిసారి గట్టిగా తెలిసింది 1986 అక్టోబరులో. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ లేబొరేటరీకి, బర్క్లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలు మాత్రమే. ఆ రెంటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు పోవలసిన చోట ఆ నెలలో ఒకసారి 40 బిట్లే పోయాయి. అంటే ఎనిమిది వందల రెట్లు తగ్గింది. కారణం ఏమంటే, దారిలో తొట్టెలు పొర్లి పొట్లాలు పోతుంటే, పోయినవాటి స్థానంలో పంపేవారు ఆత్రంగా మళ్ళీ మళ్ళీ పంపారు. ఇరుకు వీధిలో బండ్లు ఆగిపోతే వెనుక నుండి మరిన్ని బండ్లను తోలినట్లయింది. వాన్ జాకబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి 1988లో ఒక మార్గం చూపాడు. పొట్లం పోయిందంటే దారి ఇరుకైందని అర్థం చేసుకొని వేగం సగానికి తగ్గించాలి. తరువాత మెల్లమెల్లగా పెంచుకోవాలి. ఇంటర్‌నెట్ ఆనాడు కూలిపోకుండా నిలబెట్టినవాటిలో ఈ మర్యాద ముఖ్యమైనది.

ఇక్కడ నీటికీ సమాచారానికీ ఒక భేదం గమనించాలి. జలాశయం నుండి పొర్లిన నీటిని వెనక్కు పిలవలేము. అది ఎవరి ఇంటినో ముంచి తీరుతుంది. పొట్లం అట్లా కాదు. ఒకటి పారవేసినా మళ్ళీ పంపుకోవచ్చు. పైగా ఆ పారవేత పంపేవానికి “నెమ్మది” అని చెప్పే హెచ్చరిక. సకాలంలో పారవేసిన ఒక్క పొట్లం వెనుక వచ్చే వేల పొట్లాలకు దారి చక్కబరుస్తుంది.

కాలక్రమాన జ్ఞాపకస్థలం చవకైంది. పరికరాలు తయారుచేసేవారు పొట్లాలు పోవడం తప్పని భావించి రౌటర్లలోనూ మోడెంలలోనూ పెద్ద పెద్ద తొట్టెలు పెట్టారు. ఫలితంగా పొట్లాలు పోవడం మానాయి, హెచ్చరిక కూడా మానింది. పంపేవాడు దారి బాగుందనుకొని వేగం పెంచుతూ పోతాడు. తొట్టి నిండి నిండే ఉంటుంది. చిన్న లెక్క చూడండి. ఇంటి నుండి బయటకు పోయే వేగం సెకనుకు 10 లక్షల బిట్లు. మోడెంలో 256 కిలోబైట్ల తొట్టి. అది నిండితే అందులో చివరన చేరిన పొట్లం బయటపడటానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. నమూనా చిత్రాలు పంపుతున్న వ్యక్తికి దాని వలన ఇబ్బంది లేదు. తల్లితో మాట్లాడుతున్న వ్యక్తికి మాత్రం సంభాషణే చచ్చిపోయింది. “అవ్వా, ఇనవడుతుందా?” అన్న చిన్న మాట వందల కొద్దీ చిత్రపు పొట్లాల వెనుక వరుసలో నిలబడి ఉన్నది.

2010లో జిమ్ గెటిస్ అనే అనుభవజ్ఞుడైన ఇంజనీరు తన ఇంట్లోనే ఈ జబ్బును గుర్తించాడు. పెద్ద ఫైలు ఒకటి పంపుతుండగా ఇతర పనులన్నీ సెకనుకు పైగా ఆలస్యం కావడం చూసి మూలం వెదకగా, దారి పొడవునా అతిపెద్ద తొట్టెలు బయటపడ్డాయి. ఆయన దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. తెలుగులో తొట్టి ఉబ్బు అనవచ్చు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి దీనికి కోడెల్ అనే చికిత్స ప్రకటించారు. అందులో విశేషం ఏమంటే అది తొట్టి ఎంత నిండిందో చూడదు. ప్రతి పొట్లమూ వరుసలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. సెకనులో పదవ వంతు కాలంపాటు ఏ ఒక్క పొట్లమూ 5 మిల్లీసెకన్ల లోపు నిరీక్షణతో బయటపడలేదంటే పాత నిల్వ పేరుకుపోయిందని గ్రహించి, పొట్లాలను పారవేసి హెచ్చరిక పంపుతుంది. ఒక్కసారిగా వచ్చి వెంటనే తరిగిపోయే రద్దీ జోలికి పోదు. వానకు నిండే చెరువు ఆరోగ్యమైనదే. ఎండాకాలంలో కూడా తరగని నిండుదనమే రోగం.

నీరటి ధర్మం

తొట్టి సంగతి సరిచేసినా పంపకం సంగతి మిగిలే ఉంటుంది. తెలంగాణ పల్లెలలో చెరువు నీటిని పొలాలకు వంతుల ప్రకారం వదిలే వ్యక్తిని నీరటి అంటారు. ఎవరి మడికి ఎంతసేపు నీరు పోవాలో అతడే చూస్తాడు. నీరటి లేనిచోట ఏమి జరుగుతుందో రైతులందరికీ తెలుసు. కాలువ మొదట్లో ఉన్నవాడు రెండు కార్లు పండిస్తాడు, చివర ఉన్నవాడు ఆకాశం వంక చూస్తాడు. నెట్‌వర్కులోనూ నీరటి కావాలని 1985లో జాన్ నేగల్ అనే ఇంజనీరు ప్రతిపాదించాడు. ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో ఎక్కువగా తోసేవానికే ఎక్కువ లాభం కలుగుతుందని, అందువలన ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస ఏర్పరచి వంతుల ప్రకారం పంపాలని ఆయన చెప్పాడు. 1989లో అలాన్ డెమర్స్, ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన శ్రీనివాసన్ కేశవ్, స్కాట్ షెంకర్ ఈ ఆలోచనకు గణితబద్ధమైన రూపం ఇచ్చారు.

న్యాయమైన పంపకం అంటే అందరికీ సమానంగా కోసి పెట్టడం కాదు. మన ఊహాగృహంలో 20 పాళ్ళ వేగం ఉన్నదనుకోండి. నలుగురి అవసరాలు 2, 4, 10, 18 పాళ్ళు. సమానంగా ఇస్తే తలకు 5. మొదటివారికి 2 చాలు, 3 మిగిలాయి. రెండవవారికి 4 చాలు, 1 మిగిలింది. ఆ మిగులు 4 పాళ్ళను తక్కిన ఇద్దరికీ చెరి రెండు కలిపితే వారికి 7 చొప్పున వస్తుంది. చిన్న అవసరం పూర్తిగా తీరింది. పెద్ద అవసరం ఇతరులను నొప్పించనంత మేరకు తీరింది. ఒక్క బొట్టు కూడా వృథా కాలేదు.

దీనిని వేగంగా అమలుచేసే సులభమైన పద్ధతిని 1995లో ఎం. శ్రీధర్, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన జార్జి వర్గీస్ ప్రకటించారు. ప్రతి వరుసకూ వంతు వచ్చినప్పుడల్లా కొంత జమ ఇస్తారు, 1,000 బైట్లు అనుకుందాం. ముందున్న పొట్లం 1,500 బైట్లది అయితే ఈ వంతులో అది కదలదు. మరుసటి వంతుకు జమ 2,000 అవుతుంది. పొట్లం వెళ్ళిపోగా 500 మిగులుతుంది. అది తరువాతి వంతుకు పనికివస్తుంది. అయితే వరుస ఖాళీ అయినవారి జమ రద్దవుతుంది. పని లేనప్పుడు జమ కూడబెట్టుకొని ఆ తరువాత ఒక్కసారిగా అందరినీ తోసుకొని పోవడానికి వీలు లేదు.

ఈ న్యాయం రౌటరుకే కాదు, అనేక కనెక్షన్ల నుండి చదివే ప్రతి ప్రోగ్రాముకూ వర్తిస్తుంది. సెకనుకు 5 లక్షల బైట్లకు మించి చదవరాదని ఒక ప్రోగ్రాముకు హద్దు ఉన్నదనుకుందాం. ప్రతి సెకనూ అన్ని బైట్ల అనుమతి ఒక కుండలో చేరుతుంది, చదివినంత తరుగుతుంది. కనెక్షన్లు ఇరవై. ప్రోగ్రాము ప్రతిసారీ మొదటి కనెక్షను నుండే ప్రారంభించి, అందులో ఉన్నదంతా చదివితే, మూడవ దానికి చేరేసరికి కుండ ఖాళీ. ఇరవయ్యవ కనెక్షను కాలువ చివరి పొలం అవుతుంది. ప్రోగ్రాములో తప్పు అక్షరం ఒక్కటి కూడా లేదు, ఎక్కడా ఆగిపోలేదు, హద్దు దాటలేదు. అయినా ఒకరికి అన్యాయం జరుగుతున్నది. విరుగుడు మూడు మాటలలో చెప్పవచ్చు. ఒక్కొక్క వంతులో ఏ కనెక్షను నుండి అయినా చదివే మొత్తానికి పరిమితి పెట్టండి, 16 వేల బైట్లు అనుకోండి. ప్రతి చుట్టూ వేర్వేరు కనెక్షనుతో ప్రారంభించండి. కుండ తరిగినకొద్దీ ఒక్కొక్కరి పరిమితిని తగ్గించండి.

ఇందులో ఇంకొక మోసానికి చోటున్నది. కనెక్షనుకు ఒక వంతు అని నియమం పెడితే, సినిమా దింపుకొనే ప్రోగ్రాము ఒకేసారి పది కనెక్షన్లు తెరుస్తుంది. పదకొండు వంతులలో పది దానికే, మాట్లాడేవారికి ఒకటి. ఒకే రైతు పది పేర్లతో పది తూములు రాయించుకున్నట్లు! కనుక వంతు తూముకా, మనిషికా అన్నది నీరటి ముందే నిర్ణయించుకోవాలి. ఇది యంత్రం తేల్చే ప్రశ్న కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎవరూ నిర్ణయించకపోతే అరిచేవాడే నిర్ణయిస్తాడు.

ఇంట్లో చేయదగినది

ప్రోగ్రాములు రాయని పాఠకులు కూడా ఈ విషయంలో కొంత చేయవచ్చు. ముందుగా పరీక్షించి చూడండి. ఒక ఫోనులో మాట్లాడుతూ, మరొక ఫోను నుండి పెద్ద చలనచిత్రాన్ని పంపండి. పంపుతున్నంతసేపు మాట ఆలస్యమై, ఆపగానే బాగుపడితే జబ్బు తొట్టి ఉబ్బే. కొత్త రౌటరు కొనేటప్పుడు వేగం ఎంత అని మాత్రమే గాక, వరుసలను నియంత్రించే సౌకర్యం ఉన్నదా అని అడగండి. కోడెల్, వంతుల పద్ధతి రెండూ కలిసిన ఏర్పాటు ఉచితంగా లభించే ఓపెన్‌వర్ట్ వంటి రౌటరు ప్రోగ్రాములలో ఉన్నది. ఆ సౌకర్యం ఉంటే అందులో మీ కనెక్షను వేగాన్ని నిజంగా అందేదానికంటె కొంచెం తక్కువగా, నూటికి తొంభై వంతు చొప్పున నిర్ణయించండి. ఆ పది వంతులు కోల్పోవడం ఎందుకని అనిపించవచ్చు. అట్లా చేస్తే రద్దీ మీ ఇంటి బయట ఉన్న గ్రుడ్డి తొట్టిలో గాక, మీ ఇంట్లో వివేకమున్న తొట్టిలో ఏర్పడుతుంది. నీరటి అక్కడ ఉన్నాడు.

ఇక ప్రోగ్రాములు రాసే యువకులు, యువతులు గుర్తుంచుకోవలసినది ఇది. వచ్చినంతే లెక్కపెట్టండి. అంచు దాటకండి. ఎదుటివారు చెప్పిన కొలతను కొలిచి చూడండి. ఖాళీ లేనప్పుడు చదవడం ఆపి ఆ నిజాన్ని ఎగువకు తెలియనీయండి. ఒకరినుండి కొంతే తీసుకొని రెండవవారి వైపు తిరగండి. మీరు రాసిన నాలుగు వరుసలు ఎవరి చేతిలో పనిచేస్తాయో మీకు తెలియదు. వేలమందికి ఒకేసారి సినిమాలు అందించేటప్పుడు కాదు వాటి విలువ తేలేది. అదే తీగ మీద ఒక మూలనుండి ఒక చిన్న మాట దాటవలసి వచ్చినప్పుడు తేలుతుంది.

సూరత్ వరద వేళ ఆనకట్ట గోడ దృఢంగానే నిలిచింది. అంత పెద్ద జలాశయంలో ఆ వారానికి కావలసినంత ఖాళీ మాత్రం లేకపోయింది. ఎంత నిలుపగలమన్న లెక్క గొప్ప కోసం చెప్పుకొనేది. రాబోయే వాన కొరకు ఎంత ఖాళీ ఉంచామన్నదే ఆపదలో ఆదుకొనేది. లింబాయత్‌లోని ఆ ఇంట్లో “అవ్వా, ఇనవడుతుందా?” అన్న మాటకు “ఇనవడుతుంది బిడ్డా” అని వెంటనే బదులు వచ్చిందంటే, దారిలో ఎవరో ఒకరు తమ తొట్టిలో ఆ మాట కొరకు కొంచెం ఖాళీ ఉంచారన్నమాట.